రొట్టె చప్పుడు వినే ఉద్యోగం

ఆ కాగితాన్ని నేను ఏడుసార్లు రాశాను. మొదటి ఆరు ప్రతులూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, వరుస తప్పకుండా, ఒకే గుండుసూదికి గుచ్చి. ఏడోది ఆఫీసుకు వెళ్లింది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సివిల్ డిప్లొమా ముగించి, రాయచూరులో నీళ్ల ప్రాజెక్టు ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాను. ఊరికి ఉత్తరాన, కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటు లేస్తున్న రోజులు. ఒక చిమ్నీ పొగ వదులుతుంటే దాని పక్కన ఇంకొకటి కట్టుబడిలో ఉండేది. ప్లాంటు పనికి వచ్చినవాళ్లు ఊళ్లో గదులు అద్దెకు తీసుకున్నారు. ఒక ఇల్లు రెండయింది, రెండు నాలుగయ్యాయి. అలా అయిన ప్రతి ముక్కా తనకొక నల్లా కావాలని దరఖాస్తు పెట్టుకుంది.

ఒకరోజు మా ఇంజినీరుగారు నన్ను పిలిచి ఒక అరకాగితం ఇచ్చారు. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు ఉండేలా రెండు ఉద్యోగాలు మంజూరయ్యాయి. ఒకటి ఇన్వెస్టిగేటర్, అంటే దరఖాస్తు పెట్టిన ఇంటికి వెళ్లి నిజానిజాలు విచారించే మనిషి. రెండోది ప్రాజెక్ట్ సూపర్వైజర్. రెండింటికీ చేయవలసిన పనులు, ఉండవలసిన అర్హతలు పట్టికగా రాసి తెమ్మన్నారు. అర్హతలను ఆయనే ముందుగా గీకి ఉంచారు. ఇన్వెస్టిగేటర్‌కు పదో తరగతి, కన్నడం చదవడం రాయడం, డిప్లొమా ఉంటే మొదటి అవకాశం. సూపర్వైజర్‌కు డిప్లొమా, పైన రెండేళ్ల సైటు అనుభవం.

నా అప్రెంటిస్ గడువు ఇంకో నెలలో ముగుస్తుంది. మొదటి ఉద్యోగానికి కొలిచి కుట్టించినట్టు సరిపోతాను. రెండోదానికి రెండేళ్లు తక్కువ.

కానీ ఆ మొదటి పనిని పన్నెండేళ్లుగా ఒక మనిషి చేస్తూనే ఉన్నాడు, రోజు కూలీగా. ఆఫీసంతా ఆయనను కాకా అనేది. నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. కన్నడం మాట్లాడతాడు, అక్షరం రాదు. ఆ అరకాగితాన్ని ఉన్నదున్నట్టు టైపు చేయిస్తే ఉద్యోగం నాది, ఆయన ఇంటికి వెళ్తాడు. యాభై దాటిన మనిషికి ఈ ఊళ్లో కొత్తగా ఎవరూ పని ఇవ్వరు. ఈ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది, ఒక లైను కింద ఇంకో లైనులా కుదురుగా కూర్చుంది.

పనుల పట్టిక రాయాలంటే పని చూడాలి కదా. మర్నాటి నుంచి ఎనిమిది రోజులు ఆయన వెనక నడిచాను. నా చేతిలో పెన్సిలు, అట్ట, కొలత టేపు. ఆయన చేతిలో గొడుగు, జేబులో వెనక నుంచి తెరిచే చిన్న నోటుబుక్కు.

"ఏంది తమ్మీ, నా ఎన్క తిరిగి ఏం రాస్తవ్?"

"నువ్వేమేం పని చేస్తవో రాయమన్నరు కాకా."

"రాసుకో. నడుస్త. నిలబడ్త. మల్ల నడుస్త. అయిపాయె."

పత్తి వచ్చే నెలలవి. జిన్నింగు మిల్లుల నుంచి దూది రేణువులు లేచి సందుల్లో తేలుతూ ఉండేవి. ఎండ ఏటవాలుగా పడితే అవి కింద పడకుండా, పైకి పోకుండా, ఎవరో తలుచుకుని మరిచిపోయినట్టు గాలిలో ఆగిపోయేవి. ఆయన వాటి మధ్యలోంచి నడిచేవాడు. వెనక నేను. ఆ ఉదయాలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు మా అడుగుల చప్పుడు గుర్తు రాదు. నేల మీద కాక, ఆ తెల్లదనంలోనే నడిచామేమో అనిపిస్తుంది.

అయినా పట్టిక పెరిగింది. ఒకటి, దరఖాస్తు పెట్టిన ఇంటిని మొదట అడగడు. ఎడమ ఇల్లు, కుడి ఇల్లు, ఎదురిల్లు అయ్యాకే ఆ ఇంటికి వస్తాడు. రెండు, గడప దాటడు. మూడు, పాత పైపు ఎటు పోతుందో భూమి మీద గొడుగు మొనతో గీసి చూపిస్తాడు, ఆఫీసు మ్యాపులో అది లేకపోయినా. అలా పది దాకా తేలిగ్గానే రాశాను. పదకొండోది మాత్రం ఎలా రాయాలో తెలియలేదు.

ఒక ఇంట్లో ఎన్ని కుటుంబాలుంటే అన్ని నల్లాలు అని నియమం. ఎన్ని కుటుంబాలంటే ఎన్ని పొయ్యిలని అర్థం. పొయ్యిలు లెక్కపెట్టడానికి ఆయన వంటింట్లోకి తొంగి చూసేవాడు కాదు. భోజనాలకు ముందు, ఇంటింటా జొన్న రొట్టె తట్టే వేళకు వెళ్లి, గోడ పక్కన గొడుగు ఊతగా కళ్లు మూసుకుని నిలబడేవాడు. టప టప టప అని పీట మీద అరచెయ్యి చప్పుడు. ఒక పొయ్యికి ఒక చప్పుడు. నేనూ కళ్లు మూసుకునేవాణ్ని. ఆ సందులో అన్ని ఇళ్ల నుంచీ ఒకటే వాన కురుస్తున్నట్టు ఉండేది నాకు. అందులోంచి ఆయన ఒక్కొక్క చినుకునూ విడదీసి వినేవాడు.

ఐదోరోజు ఒక ఇంటికి వెళ్లాం. అన్నదమ్ములు వేరుపడ్డాం, రెండు నల్లాలు కావాలని వాళ్ల దరఖాస్తు. గుమ్మంలో ఆ ఇంటి పెద్ద కోడలు మమ్మల్ని చూసి నవ్వింది.

"ఏం కాకా, ఇయ్యాల పోలీసాయన్ని తోల్కొచ్చినవ్?"

"పోలీసు గాదమ్మా. ఇన్వెస్టిగేటరంట. మా పనికి కొత్త పేరు పెడ్తున్నరు."

"అంటె ఏంది?"

"అడిగెటోడు. నల్లా ఎప్పుడిస్తరని నువ్వడుగుతవ్, ఇంట్ల పొయ్యిలెన్నని నేనడుగుత."

"రెండు. ఇనపడ్తలేదా? మా తోడికోడలు ఎన్కింట్ల కొడ్తనె ఉంది. నేను గూడ నా పొయ్యి కాడికి పోత," అని లోపలికి వెళ్లింది.

కాసేపటికి రెండు చప్పుళ్లు వినిపించాయి, ఒకటి ముందు గదిలోంచి, ఒకటి వెనక నుంచి. నేను అట్ట మీద రెండు అని వేశాను. ఆయన నా పెన్సిలు మీద వేలు పెట్టాడు.

"ఎన్కది ఇను."

విన్నాను. టప టప టప టప.

"రొట్టె పెంక మీద ఏసెటప్పుడు చెయ్యి ఆగాలె గద తమ్మీ. ముంగటామెది ఆగుతుంది. ఎన్కామెది ఆగుతలేదు. పిండి లేదు ఆడ, ఉత్త పీట." గొంతు పెంచి, "అమ్మా చిన్నకోడలా, చెయ్యి నొస్తది, ఇగ చాలు!" అన్నాడు.

వెనక చప్పుడు ఠక్కున ఆగింది. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి నవ్విన నవ్వు. "నీ చెవులు పాడుగాను కాకా!" అని పెద్ద కోడలు లోపలి నుంచే అరిచింది. ఆయన కూడా నవ్వుకుంటూ, గుమ్మం బయటున్న ఒక్క నల్లాను తిప్పి ధార సన్నగా వస్తోందేమో చూశాడు. నోటుబుక్కులో కుడి నుంచి ఎడమకు ఒక ముక్క రాసుకున్నాడు. ఏమిటని అడిగాను. వాళ్లు చేసిన మోసం కాదట, పైపు సన్నగా ఉందని, పెద్దది వేయాలని.

ఎనిమిదోరోజు కోట గుట్ట సగం ఎక్కి కూర్చున్నాం. ఊరు కింద తెల్లటి మసకలో ఉంది. ఉత్తరాన దూరంగా చిమ్నీ. దాని పొగ ఎటూ పోకుండా ఆకాశానికి వేలాడుతోంది. అర్హతల గురించి నేనే అడిగాను. ఈ పనికి ఎటువంటి మనిషి కావాలి?

"కాళ్లున్నోడు గావాలె. రాయి, ఒకటి." ఆయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. "రెండు. ఇంటోళ్లు ఛాయ్ ఇస్తె తాగొద్దు, నీళ్లిస్తె తాగాలె."

"ఎందుకు?"

"ఛాయ్ తాగితె నోరు మొగమాటపడ్తది. నీళ్లు తాగితె నీళ్లెట్లున్నయో తెలుస్తది. మూడు. మూడు బాసలు రావాలె. ఒక బాసల అబద్ధమాడినోనికి ఇంకో బాసల అది యాదికుండదు." నాలుగో వేలు మడిచాడు. "కన్నడ రాయ రావాలె."

నా పెన్సిలు ఆగింది. "నీకు రాదు గద కాకా."

"రాదు. అందుకె చెప్తున్న. నా బుక్కు నాకొక్కనికే సదువొస్తది. పన్నెండేండ్లు పొద్దుగూకంగనె క్లర్కు ముంగట నిలబడ్డ. టైముంటె రాసుకున్నడు, లేకుంటె రేపు రా అన్నడు. ఒక ముసలామె నల్లా గిట్లనె ఆర్నెల్లు ఆగింది. రాసెటోడుంటె ఆగకపోవు. రాయి."

నేను రాశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చున్నాను. కళ్లెదుటే ప్లాంటు ఉన్నా కరెంటు లేదు, ఫ్యాను కదలడం లేదు. ఆరో ప్రతిలో ఇన్వెస్టిగేటర్ పనులు ఇరవై మూడు, అర్హతలు నాలుగు. పక్కన సూపర్వైజర్ పట్టిక. రెండు కాగితాలనూ చాలాసేపు చూశాను. డ్రాయింగులో ఒక గోడ తప్పు గదిలో పడితే ఎలా ఉంటుందో అలా ఒక పని కనిపించింది. విచారించడం ఒక పని, దాన్ని కన్నడంలో రాసిపెట్టడం ఇంకో పని. రెండోది తప్పు పట్టికలో ఉంది.

దాన్ని ఇన్వెస్టిగేటర్ పనుల నుంచి కొట్టేసి సూపర్వైజర్ పనుల్లో చేర్చాను: ప్రతి సాయంత్రం ఇన్వెస్టిగేటర్ నోటిమాటగా చెప్పేదాన్ని విని, అదేరోజు నివేదిక రాయాలి. ఇక కన్నడం రాయడం అర్హత కానక్కర్లేదు. పదో తరగతి ఉన్నచోట, ఈ ఊరి వీధుల్లో పదేళ్ల విచారణ అనుభవం అని రాశాను. పదకొండో పనిని "ఇంటిలోని పొయ్యిల సంఖ్యను బయటినుండి నిర్ధారించుట" అన్నాను. చివరి లైను రాశాక తల ఎత్తి చూస్తే గోడ మీద ఎండ జరిగి ఉంది. నేను సరిపోయే ఉద్యోగం ఆ రెండు కాగితాల మీదా ఇక లేదు.

ఇంజినీరుగారు ఏడో ప్రతిని నిదానంగా చదివారు. ఆయనది కన్నడం. "నోడప్పా," చూడు నాయనా అని మొదలుపెట్టి, ఈ అర్హతలున్న మనిషి ఊరంతటికీ ఒక్కడే ఉంటాడు కదా అన్నారు.

"ఒక్క మనిషిని చూసే రాశాను సార్," అన్నాను.

నీ గడువు ఎప్పుడు ముగుస్తుందని అడిగారు. చెప్పాను. ఆయన సంతకం చేశారు. సూపర్వైజర్‌కు రెండేళ్ల సైటు అనుభవం అన్నదాన్ని మాత్రం అలాగే ఉంచారు. నేను అడగనూ లేదు.

సంగతి తెలిశాక కాకా నన్ను మెట్ల కింద నిలదీశాడు. సంతోషపడతాడనుకున్నాను.

"సదువు నేర్సుకున్నవ్ గాని అకల్ నేర్సుకోలే, బుద్ధి లేదు నీకు. నాలుగో నంబరు నీకెందుకు చెప్పిన?"

"ముసలామె నల్లా..."

"అది గూడ నిజమె. గాని ఈ నౌకరి నీకియ్యాలనె చెప్పిన. నా కాళ్లు ఎన్నాళ్లు నడుస్తయ్? ఎనిమిది దినాలు చెవులు మూసుకోకుండ ఎన్క వచ్చినోడు నువ్వొక్కడివె." గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నెల ముగిశాక నేను ప్లాంటు దగ్గర ఒక కాంట్రాక్టరు కింద సైటు పనిలో చేరాను. అక్కడ అన్నీ కొలతలే, అన్నిటికీ పట్టికలే. పగలంతా యంత్రాల రొద. ఒక్కోసారి అన్నం వేళకు కళ్లు మూసుకుని వినేవాణ్ని. అంత రొదలో ఏ చప్పుడు ఆగిందో, ఏది ఆగలేదో తెలిసేది కాదు.

ఏడాదిన్నర దాటాక ఒక సాయంత్రం ఆఫీసుకు వెళ్లాను. సూపర్వైజర్ కుర్చీలో పోతనాళ వైపు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు కాలువ కింద స్థిరపడిన ఊళ్ల కుర్రాడు కూర్చున్నాడు. నివేదిక ఫారం ముందు పెట్టుకుని, కలం పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా స్టూలు మీద కాకా నోటుబుక్కు వెనక నుంచి తెరిచి చెబుతున్నాడు. నిలబడి కాదు, కూర్చుని.

"మూడో సందు. దర్ఖాస్తుల రెండు. పొయ్యి ఒకటె. రెండోది ఉత్త పీట."

"ఉత్త పీటంటే ఏంటండి బాబాయ్?"

"పీట తమ్మీ, పీట. పిండి లేకుండ కొడ్తున్నరు."

"పిండి లేకుండా ఎందుకు కొడతారండీ?"

కాకా తల ఎత్తి గుమ్మంలో నన్ను చూశాడు. "ఆగు. ఈ తమ్మి చెప్తడు," అన్నాడు.

నేను చెప్పాను. గోడ పక్కన నిలబడడం, కళ్లు మూసుకోవడం, చెయ్యి ఆగవలసిన చోటు. ఆ కుర్రాడి కలం గాలిలోనే ఉండిపోయింది. కిటికీలోంచి వచ్చిన దూది ముక్క ఒకటి బల్ల మీద దిగాలా వద్దా అని తిరుగుతోంది.

"బావుందండీ. కానీ ఇది ఏ నంబరు కింద రాయాలండీ?"

"పదకొండు," అన్నాను.

అతను రాసుకున్నాడు. కాకా నన్నే చూస్తూ, "సైటు మీద రెండేండ్లు నిండినయా?" అని అడిగాడు.

"ఇంకా నాలుగు నెలలు కాకా."

"నిండనీ," అని నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పి, నాలుగో సందు చెప్పడం మొదలుపెట్టాడు.