అరవై తొమ్మిది మిల్లీమీటర్లు ఉబ్బిన రేకు

మొన్న క్యాంపస్‌ల నా ఇజ్జత్ ఎట్ల మిగిలిందో చెప్తా, ఛాయ్ తాగుకుంట వినుండ్రి. మిగిలిచ్చింది మా వర్క్‌షాప్ యాదగిరన్న. ఆయన లేకుంటే ఇయ్యాల తార్నాకల మొహం దాసుకొని తిరుగుతుంటి!

నా పీహెచ్‌డీ మొత్తం ఒక పల్చటి స్టీల్ రేకు మీదనే అని మీకెరుకే కదా. ప్రెషర్ సెన్సార్‌ల పెట్టేది. గుండ్రంగ, అరవై మిల్లీమీటర్ల వెడల్పు. మందం మాత్రం పాయింట్ వన్! కిందికెళ్లి గాలి ఒత్తిడి పెడితే పూరీ లెక్క మీదికి ఉబ్బుతది. ఎంత ఉబ్బుతదో ముందుగాల కంప్యూటర్ల సిమ్యులేషన్ చేసి చూడాలె.

చేసిన. బొమ్మ ఎంత ముద్దుగొచ్చిందో! అంచుల నీలం, నడిమిట్ల ఎరుపు. స్క్రీన్‌కి సరిపోయేటట్టు సాఫ్ట్‌వేరే దాన్ని చిన్నగ చేసి చూపిస్తది, అది నేను మర్చిపోయిన. పక్కన అరవై తొమ్మిది అని నంబర్ ఉంటే అట్లనే రాసుకొని, రేకు తాకకుండ మీద మూత డ్రాయింగ్ గీసిన. డెబ్బై ఐదు మిల్లీమీటర్ల లోతు! రెండు రోజులల్ల రివ్యూ. మూత చేసెతందుకు ఇత్తడి కడ్డీ ఒక్కటే ఉన్నది, మా గైడ్ సార్ ఎన్ని లెటర్లు రాస్తే వచ్చిందో. కడ్డీ, రేకు, డ్రాయింగ్ పట్టుకొని వర్క్‌షాప్‌కి ఉరికిన.

"అన్నా, జర జల్ది చెయ్యాలె."

యాదగిరన్న డ్రాయింగ్ చూసిండు, నన్ను చూసిండు. "ఏంది బిడ్డా ఇది? సెన్సారా, చెంబా?"

"సెన్సారే అన్నా. రేకు ఉబ్బుతది కదా, జాగా కావాలె."

"ఎంత ఉబ్బుతది?"

"అరవై తొమ్మిది."

"రేకు వెడల్పెంత?"

"అరవై..." అన్న. నోట్లకెళ్లి వచ్చినంకనే నాకు వినవడ్డది!

ఆయన నవ్వలే. నవ్వినా బాగుండు! లేత్ మిషన్ ఆపి, నా రేకు తీసుకొని రెండు రింగుల నడుమ బిగించిండు. ఎంత ఉబ్బిందో కొలిచే డయల్ గేజ్ మీద నిలవెట్టి, చేతి పంపుతోని గాలి కొట్టిండు. ముల్లు ఒక మిల్లీమీటర్ దాటి జరంత పోయి ఆగింది. అంతే!

"మొదట్ల అల్కగనే ఉబ్బుతది బిడ్డా. తర్వాత సాగాలె కదా, సాగినకొద్ది బిగుస్తది. నీ కంప్యూటర్‌కి ఆ ముచ్చట చెప్పినవా?"

చెప్పలే! సాఫ్ట్‌వేర్‌ల లార్జ్ డిఫ్లెక్షన్ అని చిన్న ఆప్షన్ ఉంటది, అది పెడితేనే ఈ బిగుసుడు లెక్కలకొస్తది. టిక్కు పెట్టలే. మూడేండ్ల సంది దాని మీదనే పేపర్లు చదువుతున్న నేను! టిక్కు పెట్టి మళ్ల రన్ చేస్తే ఒకటి పాయింట్ ఒకటి వచ్చింది.

కడ్డీ ఆగం కాలే. యాదగిరన్న అన్నం కూడ పక్కకు వెట్టి, చిన్న మూత చేసిచ్చిండు. నా తప్పు గురించి ఎవ్వరికీ ఒక్క మాట చెప్పలే. అందుకే రివ్యూల నేనే ఉన్నదున్నట్టు చెప్పిన. సార్ నవ్వి, "ఇగ నుంచి ముందు యాదగిరికి చూపెట్టు, తర్వాత నా దగ్గరికి రా" అన్నడు.

రిపోర్ట్‌ల థాంక్స్ చెప్పే పేజీల సార్ కంటె ముందు యాదగిరన్న పేరే పెట్టిన. నిన్న కాపీ తీస్కపోయి చేతికిచ్చిన. పేరు మీద వేలు పెట్టి చానాసేపు చూసిండు. కండ్లల్ల నీళ్లొస్తున్నయేమో అనుకున్న.

"శానా సంతోషం బిడ్డా" అన్నడు. "గని ఇంగ్లిష్‌ల నా పేరుకి చివర ఐ అక్షరం ఎగిరిపోయింది."

ఐదు కాపీలు బైండింగ్ అయిపోయినయ్! పొద్దుగాల్నుంచి పెన్నువట్టి ఐలు రాసుకుంట కూసున్న.