వెనకాల పోసిన నీళ్లు

సన్నీవేల్‌లో నాకు డ్రైవింగ్ నేర్పింది టర్కీ లారీ డ్రైవర్లు. వాళ్లెవరినీ నేను చూడలేదు. కంప్యూటర్‌లో లారీలు నడిపే ఆట ఒకటుంది. మా ఆయన షటిల్ ఎక్కి ఆఫీస్‌కి వెళ్లాక, పొద్దున తొమ్మిదింటికి అది తెరిచేదాన్ని. అమెరికా సర్వర్‌లో ఆ వేళప్పుడు కావాలని గుద్దేవాళ్లే ఉండేవారు. టర్కీలో అది సాయంత్రం. వాళ్ల సర్వర్‌లో జనం బుద్ధిగా వరుసకట్టి వెళ్లేవారు. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క రాదు. పక్కన ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని కూర్చునేదాన్ని. వారం తిరక్కుండానే నన్ను "అబ్లా" అన్నారు, అంటే అక్క. అమెరికా వచ్చి నాలుగేళ్లయినా నన్ను ఆంటీ అన్నవాళ్లే తప్ప అక్కా అన్నవాళ్లు లేరు. చాలా సంతోషం వేసింది.

మా వరుసకి ముందుండేది ఒక పెద్దాయన. ముప్పై ఏళ్లు నిజం లారీ నడిపి రిటైరయ్యి, ఇంట్లో తోచక మళ్లీ లారీయే నడుపుతున్నారు. దారి ఇచ్చినవాళ్లకి రెండుసార్లు హారన్ కొట్టి థాంక్స్ చెప్పాలన్నది ఆయన నియమం. నేను తు.చ. తప్పకుండా పాటించేదాన్ని.

అందుకే నా లైసెన్స్ టెస్ట్ రెండోసారి పోయింది. మొదటిసారి కారు ఫుట్‌పాత్ ఎక్కించాను, దానికి టర్కీతో సంబంధం లేదు. రెండోసారి నాలుగు రోడ్ల స్టాప్ దగ్గర ఒక సైకిలాయన ఆగి, ముందు నన్నే వెళ్లమని చెయ్యూపాడు. రెండుసార్లు హారన్ కొట్టాను. ఆయన అదిరిపడి సైకిల్‌తో సహా నా కారు ముందే పడ్డాడు. ఎగ్జామినర్ బ్రేక్ వేయమని అరిచింది. ఆయనకి దెబ్బేమీ తగల్లేదు, నా టెస్ట్ మాత్రం అక్కడితో అయిపోయింది.

ఇక మిగిలింది ఒక్క ఛాన్స్. అదీ పోతే రాతపరీక్ష నుంచి మళ్లీ మొదలు. నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నాక, దొరక్క దొరక్క నాకు ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడికి బస్సు లేదు. శుక్రవారం టెస్ట్, సోమవారం చేరాలి. భయంతో అన్నం సహించలేదు.

గురువారం ఈ సంగతి సర్వర్‌లో చెప్పాను. లారీలన్నీ ఆగాయి. ఒక్కొక్కరే "అక్క వెనకాల నీళ్లు పోశాను" అని టైప్ చేశారు. బయల్దేరే బండి వెనకాల నీళ్లు పోస్తే, వెళ్లినవాళ్లు నీళ్లలా సాఫీగా వెళ్లి తిరిగొస్తారని వాళ్ల నమ్మకమట. పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఆటలో పోసింది లెక్కలోకి రాదమ్మాయ్. ఇంట్లోవాళ్లు పోయాలి. నీకు నువ్వు పోసుకోకూడదు" అని రాశారు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను.

"నీకేమైనా పిచ్చా? డ్రౌట్ అని అపార్ట్‌మెంట్‌వాళ్లు మెయిల్ మీద మెయిల్ పెడుతుంటే నేను నీళ్లు పారబోయాలా?"

"ఒక్క చెంబే."

"ముందు ఆ లారీలు డిలీట్ చెయ్. పోయి పార్కింగ్ ప్రాక్టీస్ చేసుకో."

ఒళ్లు మండింది. వెళ్లి చపాతీలు కాల్చాను. రెండు మాడాయి, ఆ రెండూ ఆయనకే వేశాను.

శుక్రవారం లైసెన్స్ ఆఫీస్ దాకా మా ఆయన పక్కన కూర్చుని వచ్చాడు. అక్కడ ఆయన దిగాడు, ఎగ్జామినర్ ఎక్కింది. పోయినసారి ఆవిడే. నన్ను గుర్తుపట్టి, సీట్ బెల్ట్ ఇంకోసారి లాగి చూసుకుంది.

కారు కదిలిస్తూ వెనక అద్దంలోకి చూశాను. మా ఆయన, మెడలో ఆఫీస్ బ్యాడ్జ్‌తో, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తన స్టీల్ బాటిల్ మూత తీసి కారు వెనకాల మొత్తం ఒంపేశాడు. సగం నీళ్లు బూట్ల మీదే పడ్డాయి.

నాకు ఏడుపొచ్చింది. టెస్ట్‌లో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి కాబట్టి కళ్లు తుడుచుకోలేదు.

పాసయ్యాను. ఎగ్జామినర్ ఒక్క తప్పే వేసింది. బయల్దేరేటప్పుడు వెనక అద్దంలోకి మరీ ఎక్కువసేపు చూశానట.