బోర్లా పెట్టిన ముక్కలు

కొత్త పేకను కలుపుతుంటే వచ్చే పరపర చప్పుడు ఎక్కడ విన్నా నేను చేస్తున్న పని వదిలేసి అటు తిరుగుతాను. మొన్న బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు విడిదింట్లో కుర్రవాళ్లు చాప పరుచుకుని మూడుముక్కలాట ఆడుతున్నారు. ఒకబ్బాయి తన ముక్కలు బోర్లా పడేసి ఆ ఆట నుంచి తప్పుకున్నాడు. పక్కనున్నవాడు "ఏమున్నాయిరా నీ దగ్గర?" అంటూ వాటిని తిప్పబోయాడు. నాకు తెలియకుండానే నా అరచెయ్యి వెళ్లి ఆ ముక్కల మీద పడింది. ఎంత గట్టిగా పడిందంటే పక్కనున్న టీ గ్లాసు ఒలికిపోయింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టి నన్ను చూశారు. "ఏం చాదస్తం తాతా నీకు!" అన్నాడొకడు. చాదస్తమే, కాదనను. దాన్ని నాకు అంటించిన మనిషి పేరు సాయమ్మ. ఆమె మాట నేను తప్పిన రోజు తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

యాభైల చివరి మాట. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది హుజూర్‌నగర్ వైపు. బడిపంతులుగా మొదటి ఉద్యోగం పాలమూరు జిల్లాలో, కొత్తకోటలో బస్సు దిగి రెండు గంటలు నడిస్తే వచ్చే ఒక ఊళ్లో వేశారు. నాకు గది కిరాయికి ఇచ్చింది సాయమ్మ. అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఎనిమిదెకరాల ఎర్రచెలక, వానాధారపు మెట్ట, సొంతంగా చేయించుకునేది. కూతురూ అల్లుడూ పక్కింట్లోనే ఉన్నా నాగలి ఎప్పుడు కట్టాలో ఆమే చెప్పాలి. గదిలో చేరిన నెలలోపే ఒక పగటిపూట ఆమె చావడిలో మగవాళ్ల మధ్య గొంగడి మీద కూర్చుని పేకాడుతూ కనిపించింది. నేను నిర్ఘాంతపోయాను. మా ఇంట్లో ఆడవాళ్లు పేక ముట్టుకుంటే పెద్ద రాద్ధాంతం జరిగేది. ఇక్కడ సాక్షాత్తూ పటేలే ఆమె వచ్చి కూర్చునేదాకా ముక్కలు పంచనిచ్చేవాడు కాదు.

ఆ ఆట దేనికో తెలిశాక ఇంకా విస్తుపోయాను. అందులో పైసా లేదు. ఏటా ఎండాకాలంలో నాగన్న అనే గొల్లాయన పెద్ద గొర్రెలమందతో ఆ ఊరికి వచ్చేవాడు. మూడు రాత్రులు మందను ఒక చేన్లో పడుకోబెడితే ఆ చేనికి ఏడాదికి సరిపడా ఎరువు దొరికినట్టే. తొలివాన పడిందా, మంద గుట్టల వైపు వెళ్లిపోతుంది. అందుకని మంద ముందుగా ఎవరి చేన్లో దిగాలన్నది ఊళ్లో ఏటేటా తగువే. వెనకొకసారి కట్టెలతో కొట్టుకునేదాకా వచ్చిందట. "తలకాయలు వలగ్గొట్టుకునే బదులు పత్తాలాడుండ్రి" అని సాయమ్మే అన్నదట. వాళ్ల భాషలో పత్తాలంటే పేకముక్కలు. అప్పటినుంచీ అదే కట్టుబాటు. మనిషికి ఇన్ని చింతగింజలు పంచుకుని అవే పందెం కాసేవారు. చివరికి ఇద్దరు మిగిలితే ఒక్క పంపకంతో తేలిపోవాలి, అందులో ముక్కలు బోర్లా పెట్టినవాళ్లు ఓడినట్టు. నేను పై ఊరివాణ్ని, ఎవరికీ చుట్టాన్ని కాను. అందుకని పంచే పని నాకు అప్పగించారు.

ఆ గొంగడి మీద సాయమ్మ పెట్టినన్ని ఆంక్షలు మా ట్రైనింగులో కూడా లేవు. గెలిచినవాళ్లు గింజలు లాక్కుంటూ నవ్వకూడదు. ఓడినవాళ్లు పంచినవాణ్ని తిట్టకూడదు. ఒకసారి ఆట మధ్యలో ఆమె ఉన్నట్టుండి "పటేలా, నీ పత్తాలు నాకు కనబడ్డయి. జర ఛాతికి దగ్గరగ వట్టుకో. పంతులూ, మల్ల పంచు" అని తన ముక్కలు బోర్లా పెట్టేసింది. పటేలు నవ్వి, "చూసినా గూడ చెప్పకపోతే ఎవ్వనికి ఎరుక సాయమ్మా!" అన్నాడు. "నాకెరుక గద" అన్నదామె. మళ్లీ పంచితే ఆ ఆటలో ఆమే ఓడింది. నాకు ఉబలాటం ఆగక సాయంత్రం ఇంటి దగ్గర అడిగాను.

"అవ్వా, నువ్వు బోర్లవెట్టినయి మంచి పత్తాలేనా?"

"బోర్లవెట్టినంక అవి ఎవ్వలియి గావు పంతులూ. ఎవ్వలు అడగొద్దు, ఎవ్వలు తిప్పి చూడొద్దు."

"చూస్తే ఏమైతది?"

"మనిషి ఎందుకు ఇడిసిపెట్టిండో అది ఆయన కడుపుల ఉంటది. కడుపు చీరి చూస్తవా?"

మాట అంత కరుకు, తీరు మాత్రం వేరు. నెలాఖరులో నా గదిలో పొయ్యి రాజుకోని రోజులుండేవి. ఆమె గుమ్మంలోకి తొంగి చూసేది కాదు. వాకిట్లోనే నిలబడి దగ్గి, "రొట్టెలెక్కువైనయి. కుక్కకేద్దునా, నువ్వు తింటవా?" అని కసురుకునేది. ఆ కుక్క మూడేళ్లలో ఒక్క రొట్టె కూడా తిన్నట్టు నాకు గుర్తులేదు.

మూడో ఏడు మబ్బులు తొందరగా కమ్ముకొచ్చాయి. ఈసారి ఒక్క చేన్లోనే దింపుతాను, మూడు రాత్రులుండి వెళ్లిపోతాను అని నాగన్న తేల్చేశాడు. ఊళ్లో కుర్మయ్య అనే రైతు ఉండేవాడు. మూడెకరాల రాళ్లచెలక, ఇద్దరు కొడుకులు. అంతకు ముందు రెండేళ్లూ అతని వంతు రాకముందే వాన పడి మంద వెళ్లిపోయింది. "ఈసారి గూడ చేను పండకపోతే నా పొలగాండ్లు మేస్త్రీ ఎంట దేశాలు వట్టి మట్టిపనికి పోవుడే సారూ" అని నాతో అన్నాడు. ఆ మాట సాయమ్మ కూడా విన్నది. మట్టిపనికి వెళ్లినవాళ్లలో తిరిగిరానివాళ్లూ ఉండేవారు. ఆట మొదలయ్యే ముందు పటేలు, "కుర్మయ్యకే పెడదాం తియ్యుండ్రి, పాపం" అన్నాడు. కుర్మయ్య గొంగడి మీంచి లేచి నిలబడ్డాడు. "ఆడితే ఆడుదం పటేలా. ఇచ్చుడు గిచ్చుడంటే నేను పోతున్న" అన్నాడు. అతనిది అంత పట్టుదల. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పటేలు గింజలు అయిపోయాయి. సాయమ్మ, కుర్మయ్య మిగిలారు. చివరి పంపకం పంచాను. సాయమ్మ తన మూడు ముక్కలూ ఎత్తి చూసుకుంది, ఒకసారి తలకొంగు సర్దుకుంది, వాటిని బోర్లా పెట్టేసింది. "అయిపాయె. మంద కుర్మయ్యది" అన్నది. కుర్మయ్య నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. నేను ముక్కలు ఏరుతున్నాను. ఎందుకు తిప్పానో ఈ రోజుకీ చెప్పలేను. మూడేళ్లుగా ఆమె బోర్లా పెట్టిన ముక్కల్లో ఏముంటుందో చూడాలన్న దురద, అంతే. తిప్పాను. మూడూ ఎనిమిదులే. ఆ ఆటలో మూడు ముక్కలూ ఒకే అంకెవి పడితే గెలిచినట్టే లెక్క.

చూసినవాణ్ని నోరైనా మూసుకున్నానా! "అవ్వా! మూడు ఎనిమిదులు!" అని అరిచాను.

కుర్మయ్య మొహంలో నవ్వు అలాగే ఉండి, కాసేపటికి మెల్లగా విరిగిపోయింది. నేనేం చేశానో నాకప్పుడు అర్థమైంది. అతను సాయమ్మ వైపు తిరిగి, "నాకు బిచ్చమేసినవా అత్తా?" అన్నాడు. "గీ బిచ్చపు మంద నా చేన్ల అడుగు వెట్టొద్దు" అంటూ తువ్వాల దులుపుకుని లేచాడు.

సాయమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపు గురించి నేను రాయలేను. తర్వాత నా చేతిలోంచి ముక్కలు లాక్కుని ముక్కుకు ఆనించుకుంది, దూరం పెట్టి చూసింది, వెలుతురుకు పట్టుకుంది. "ఎనిమిదులా? మూడా? ఒకటి ఆరు, ఒకటి పది అనుకుంటి గద!" అని నెత్తి కొట్టుకుంది. "మాడిపోను గీ కండ్లు! చుక్కలన్ని అలుక్కపోయి కనబడుతున్నయి. పంతులు చెప్పకపోతే నాకు ఎరుకనే గాకపోవు. పెట్టుండ్రి, మల్ల పెట్టుండ్రి పత్తాలు! నేనే గెలిచిన! మంద నాది!"

నేను కొయ్యబారిపోయాను. ఓడినవాళ్లు గొణిగితేనే గదమాయించే మనిషి, నలుగురి ముందూ తొండి చేస్తోంది, గొంగడి మీద అరచేత్తో కొడుతోంది, కుర్మయ్య చెయ్యి పట్టి గుంజుతోంది. "బోర్లవెట్టినంక అయిపోయినట్టే. నువ్వు వెట్టిన కట్టుబాటే గద అది" అన్నాడు పటేలు చిరాగ్గా. ఆమె వినలేదు. "కండ్లు కనబడనిదాన్ని మోసం జేస్తరా!" అని శాపనార్థాలకు దిగింది. అప్పుడు కుర్మయ్యకు కోపం వచ్చింది. "మోసమెక్కడిదత్తా? నీ కండ్లు నీకు కనబడకపోతే తప్పు నాదా? మంద నాది, నేను తోలుకపోత!" అని గట్టిగా అన్నాడు. నాగన్న తలూపాడు. ఆఖర్న పటేలు అన్నాడు, "సాయమ్మా, ఇగ నువ్వు పత్తాలకు కూసోకు. వచ్చేయేడు సంది మీ అల్లున్ని పంపు." ఆమె గొణుక్కుంటూ లేచింది, మెట్టు దగ్గర తడబడింది, ఎవరో చెయ్యి అందించారు. నిజంగానే ఆమెకు చూపు పోయిందని నేను కూడా నమ్మేశాను.

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని బొంత కుడుతోంది. సూదిలో దారం అయిపోయింది. కొత్త పోగు తీసి, కొస పంటితో కొరికి, ఒక్క ఊపులో బెజ్జంలోకి ఎక్కించింది. తలెత్తేసరికి ఎదురుగా నేను.

"అవ్వా, నీ కండ్లు..."

"పోయినయి. నిన్న అందరి ముందట చెప్పిన గద."

"నా వల్లనే గదనే ఇదంత..."

"చూడొద్దన్నది నిన్న చూసినవు. ఇయ్యాల గిది గూడ చూసినవు" అన్నదామె కుట్టు ఆపకుండా. "నోరన్న మూసుకుంటవా ఇగ?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చాను కూడా. ఆమె ఓదార్చలేదు. కాసేపటికి, బడికి పొద్దుపోతోంది పొమ్మంది.

నాలుగో రోజు వాన పడింది. కుర్మయ్య చేను ఆ ఏడు పండింది, కొడుకులు ఊళ్లోనే ఉండిపోయారు. సాయమ్మ చెలకలో జొన్న మోకాలు దాటలేదు. ఆమె మళ్లీ ఎన్నడూ గొంగడి మీద కూర్చోలేదు. ఏడాదికి ఒక్కసారి మగవాళ్లంతా తన కోసం ఎదురుచూసే ఆ చోటు ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. అంతకన్నా నన్ను దిగ్భ్రాంతికి గురిచేసింది ఆ తర్వాతి సంగతి. ఒకసారి చూపు లేదన్నాక ఆమె దాన్ని వదల్లేదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు దొడ్డి అవతల కంపలో దాక్కున్న కోడిపెట్టను ఇక్కడినుంచే చూపించేది. వీధిలో కుర్మయ్య ఎదురైతే మాత్రం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవరది? కుర్మయ్యనా?" అనేది. వాగు దగ్గర అతను చెయ్యి అందిస్తే పట్టుకుని దాటేది. నాకు బదిలీ అయ్యేదాకా రెండేళ్లు ఆ అవస్థ చూస్తూ నోరు మూసుకున్నాను.

అరవైల నడుమ ఆమె పోయినట్టు కార్డు వచ్చింది. పెద్దకర్మకు వెళ్లాను. భోజనాలకు ముందు కుర్మయ్య వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది.

"కండ్లు పోయినంక శాన తిప్పలువడ్డది సారూ సాయమ్మత్త" అన్నాడు. "వాగు కాడ నేనే చెయ్యివట్టి దాటిచ్చేటోన్ని. దాటినంత సేపు కండ్లు గట్టిగ మూసుకునేది."

నేను ఉలిక్కిపడ్డాను. చూపే లేని మనిషికి కళ్లు మూసుకోవలసిన పనేమిటి? ఇది ఇతనికి తోచలేదా? తోచిందా? ఇన్నేళ్లూ తెలిసే చెయ్యి పట్టుకున్నాడా? అతను నేలచూపులు చూస్తూ పుల్లతో గీతలు గీస్తున్నాడు. ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను.

"ఔను కుర్మయ్యా, శాన తిప్పలు పడ్డది" అన్నాను.

అతను తలూపి, లేచి, విస్తళ్లు వేస్తున్న వైపు వెళ్లాడు. తర్వాత కొన్నేళ్లకు అతనూ పోయాడు. అతనికి ఏం తెలుసో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం నన్ను ఇంకా వదల్లేదు, ఒక్కోరోజు అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా గుర్తొస్తుంది. అయినా ఆ పూట అడగకుండా ఉన్నందుకు నా మీద నాకు కాస్త గౌరవం. సాయమ్మ అక్కడే ఉండి చూసి ఉంటే, పంతులికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది అనుకునేది.