సెకండ్ల మాస్టారి సాక్ష్యం

కళ్లద్దాల షాపు వెనక గదిలో, నీళ్లు కారుతూ తిరిగే సానరాయి ముందు ఇరవై రెండేళ్లుగా కూర్చుని అద్దాలు అరగదీసే మనిషిని అందరూ సెకండ్ల మాస్టారు అంటారు. చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠం చెబుతాడు కాబట్టి మాస్టారు. సెకండ్లకు మాత్రం రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆయన లెక్కలన్నీ సెకండ్లలోనే ఉంటాయి. టీ తాగగలిగేంత చల్లారడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో కూడా చెబుతాడు. రెండోది ఆయన ఎదుట ఎవరూ అనరు. ఏటా జరిగే పది కిలోమీటర్ల పరుగులో, నలభై ఐదేళ్లు దాటినవాళ్ల విభాగంలో, వరసగా నాలుగేళ్లు ఆయనకు వచ్చింది సెకండే.

ఫస్టు బేకరీ ఆయనది. అదే మాస్టారి కడుపుమంట. బేకరీ ఆయనకు చిరుబొజ్జ. బూట్ల లేసుల మీద ఎప్పుడూ పిండి. స్టాప్‌వాచీ లేదు, నియమం లేదు. దేవుడి జోలికి తను పోడు, తన జోలికి దేవుడు రాకపోతే చాలంటాడు. తెల్లారేసరికి బ్రెడ్లన్నీ పొయ్యిలోంచి తీసేసి, ఒళ్లు సడలించుకోవడానికి నాలుగు వీధులు తిరిగొస్తాడు. అంతే, అదే ఆయన సాధన. మాస్టారేమో ఉపవాసాలు, వ్యాయామాలు, మోకాళ్లకు నూనె, అదే మోకాళ్ల మీద ప్రార్థన. ఇంతా చేసి, పోయినేడు తొమ్మిది సెకండ్ల తేడాతో వెనకబడ్డాడు.

గెలవాలని ఉందని మాత్రం ఆయన ఏనాడూ పైకి అనలేదు. "ప్రభువు నామానికి మహిమ రావాలి, నాదేముంది?" అనేవాడు. మహిమ ఫస్టు వస్తేనే వస్తుందని ఎలా తెలిసిందో ఎవరూ అడగలేదు, ఆయన భార్య తప్ప. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇంజక్షన్ వేసినంత తేలిగ్గా మాట అనేస్తుంది.

ఈసారి పరుగు కోసం ఆయన కొత్త బనీను కుట్టించుకుని, వీపు మీద ఒక బైబిలు వాక్యం అచ్చు వేయించాడు. నాలుగు వరసలు, ఎర్రటి అక్షరాలు.

"వీపు మీద ఎందుకండీ? ఛాతీ మీద వేయించుకోవచ్చుగా?" అంది ఆవిడ.

"వెనక వచ్చేవాళ్లు చదవాలని."

"అంటే ముందు పోయేవాళ్లకు రక్షణ అక్కర్లేదా?"

ఆయన బనీను మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు.

అంతలో అసలు చిక్కు వచ్చి పడింది. పరుగు ఆదివారం పొద్దున పెట్టారు, సరిగ్గా ఆరాధన వేళకి. మాస్టారు సంఘంలో పెద్ద. పదిహేడేళ్లలో ఒక్క ఆదివారం మానలేదు, టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ వారమంతా అద్దాలు అరుగుతున్నాయి కానీ మనసు మాత్రం నున్నబడలేదు. చివరికి పాస్టరుగారి గదికి వెళ్లాడు.

వద్దంటే త్యాగం చేశానని చెప్పుకోవచ్చు. వెళ్లమంటే ఆశీర్వదించి పంపారని చెప్పుకోవచ్చు. రెండింటికీ సిద్ధపడే వెళ్లాడు. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ మనస్సాక్షి ఏం చెబుతోంది మాస్టారూ?" అన్నారు.

అదొక్కటే ఆయన సిద్ధపడని ప్రశ్న.

"రోడ్డు మీద రెండువేల మంది ఉంటారండి. అన్నీ ఆత్మలే. అక్కడ సాక్ష్యం చెప్పడం కూడా పరిచర్యే కదా అని..." అని నసిగాడు.

"అయితే వెళ్లండి. నా భార్య కూడా ఆ రోజు అక్కడే ఉంటుంది. మన స్త్రీల సమాజం ఎనిమిదో కిలోమీటరు దగ్గర మంచినీళ్లు ఇస్తోంది."

మాస్టారు తేలిక పడి బయటికొచ్చాడు. పరుగుకు ముందు రోజు సాయంత్రం మోకాళ్ల మీద చేసిన ప్రార్థన చాలా పొడుగు. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న భార్య చెవిన చివరి ముక్క పడింది. "ప్రభువా, ఆ బేకరీ సోదరుడికి ఏ కీడూ రాకూడదు. ఆయన కాళ్లకు మాత్రం కాస్త విశ్రాంతి దయచేయి."

"విశ్రాంతి ఎన్ని సెకండ్లు కావాలో కూడా చెప్పండి" అంది ఆవిడ గోడవతల నుంచి.

పరుగు మొదలైంది. మొదటి నాలుగు కిలోమీటర్లు మాస్టారు అనుకున్నది అనుకున్నట్టే సాగింది. బేకరీ ఆయన పాతిక అడుగుల ముందు, ఎవరితోనో కబుర్లు చెబుతూ పోతున్నాడు. పరిగెత్తుతూ కబుర్లేమిటి! మాస్టారికి ఒళ్లు మండింది. ఆరో కిలోమీటరుకు తేడా పదిహేను అడుగులైంది. ఏడుకు పది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర, నీళ్ల బల్ల ఇంకా కాస్త దూరం ఉందనగా, బేకరీ ఆయన కుడికాలు పట్టుకుని "అమ్మో!" అని అరిచి రోడ్డు పక్కన కూలబడ్డాడు.

ఆ క్షణంలో మాస్టారి మనసులో మొదట మెదిలింది స్తోత్రం. అది ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. రెండో ఆలోచన భయం, ఇంత తొందరగా వింటాడా దేవుడు అని. మూడో ఆలోచన రాకుండానే కాళ్లు ఆయన్ని దాటించేశాయి. దారిలో దెబ్బతిని పడున్న మనిషిని చూసీ చూడనట్టు తప్పుకుపోయిన భక్తుల గురించి పోయిన నెలే పిల్లలకు బొమ్మ గీసి మరీ పాఠం చెప్పాడు. ఆ బొమ్మ ఇప్పుడు గుర్తుకు రాకుండా ఉండటానికి అడుగులు లెక్కపెట్టుకోసాగాడు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై.

తలెత్తేసరికి ఎదురుగా నీళ్ల బల్ల. బల్ల వెనక ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని పాస్టరమ్మ. ఆవిడ చూపు మాస్టారి మీద లేదు, మాస్టారి భుజం మీదుగా వెనక పడున్న మనిషి మీద ఉంది. ఆ తర్వాత మెల్లగా మాస్టారి మీదికి వచ్చింది.

మాస్టారు ఆగాడు. వెనక్కి తిరిగాడు.

బేకరీ ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని, పిక్క పట్టి నొక్కాడు, బొటనవేలు వెనక్కి వంచాడు. ఆ పని వచ్చు ఆయనకు, నర్సు మొగుడు మరి. ఎర్రక్షరాల బనీనుతో రోడ్డు మీద మోకాళ్లూని కూర్చున్న ఆ మనిషిని ఎవరో ఫోటో తీశారు. రెండు నిమిషాలకు కండ సడలింది. బేకరీ ఆయన లేచి రెండడుగులు వేసి చూసుకున్నాడు. "నీ చెయ్యి చల్లగుండ అన్నయ్యా!" అన్నాడు. అని, పరిగెత్తాడు.

మాస్టారికి లేచి నిలబడటానికి మోకాళ్లు సహకరించలేదు. రెండు నిమిషాలు వంగి కూర్చుంటే పట్టేశాయి. ఆ ఏడు ఇద్దరిలో ఎవరికీ బహుమతి రాలేదు. అయినా బేకరీ ఆయనది ఐదో స్థానం, మాస్టారిది ఆరు.

మరుసటి ఆదివారం చర్చి గోడ మీద ఆ ఫోటో. పాస్టరుగారు ప్రసంగమంతా దాని మీదే చేశారు. "కిరీటాన్ని కాదనుకుని సోదరుడి పాదాల దగ్గర మోకరించిన మనిషి మన మధ్య ఉన్నాడు" అన్నారు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంది. మాస్టారు తల దించుకున్నాడు, కానీ పూర్తిగా దించలేదు. నాలుగు పరుగుల్లో దొరకనిది అరగంట ప్రసంగంలో దొరికింది. వినయంలో తనే ఫస్టు. ఆ వారమంతా ఆ ఫస్టు తియ్యగానే ఉంది. వీధిలో నడిచేటప్పుడు కావాలనే నెమ్మదిగా నడిచాడు. కళ్లద్దాల కోసం వచ్చినవాళ్లు వెనక గదిలోకి తొంగిచూసి దండం పెట్టి పోయారు.

ఇంటికొస్తే భార్య ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. శనివారం అన్నం తింటూ, అడక్కుండానే, నలభై అడుగుల సంగతి ఆవిడకు చెప్పేశాడు. ఆవిడ మజ్జిగ పోసి, "నాకు చెబితే ఏం లాభం? నేనేమన్నా ఫోటో పెట్టానా గోడకి?" అంది.

ఆదివారం సాక్ష్యాల వేళ మాస్టారు లేచి నిలబడ్డాడు.

"నేను ఆగలేదండి. ఆయన్ని దాటి నలభై అడుగులు వెళ్లిపోయాను. ఆయన పడితే మనసులో స్తోత్రం చెప్పాను. వెనక్కి వచ్చింది కూడా జాలితో కాదు, పాస్టరమ్మగారు చూస్తున్నారని వచ్చాను."

వెనకనుంచి ఎవరో "ఎంత తగ్గింపు జీవితం!" అన్నారు. "ఆమెన్" అన్నారు ఇంకొకరు. ముందు వరస పెద్దావిడ మళ్లీ కళ్లొత్తుకుంది. పాస్టరుగారు లేచి, "చూశారా, చేసిన మేలుని కూడా తనదని చెప్పుకోలేని వినయం!" అన్నారు. పాస్టరమ్మ మాత్రం పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుకుతూ ఉండిపోయింది.

"నిజమేనండి నేను చెప్పేది!" అని మాస్టారు గట్టిగా అన్నాడు. చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చి నేరుగా బేకరీకి వెళ్లాడు. బేకరీ ఆయన ట్రేలు కడుగుతున్నాడు. మాస్టారు గుమ్మంలోనే నిలబడి మొత్తం కథ ఒక్క గుక్కలో చెప్పాడు, పరుగుకు ముందురోజు చేసిన ప్రార్థనతో సహా. బేకరీ ఆయన విని, చేతులు తుడుచుకుని, స్టూలు జరిపాడు.

"నలభై కాదన్నయ్యా, అరవై దాకా వెళ్లావు. నేను కింద పడుకుని చూస్తూనే ఉన్నా కదా."

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. తన మాట నమ్మిన మనిషి ఒక్కడు దొరికాడు.

"నీకు కోపం రాలేదా?"

"కోపమెందుకు? నువ్వు పడి ఉంటే నేను అసలు వెనక్కి వచ్చేవాణ్ని కాదు. నాకు అక్కడ పాస్టరమ్మలెవరూ లేరు." ఆయన వేడి బన్ను ఒకటి చేతిలో పెట్టాడు. "ఆ ప్రార్థన మాత్రం ఇంకెప్పుడూ చెయ్యకు. బాగానే పని చేస్తోంది."

మరుసటి వారం నుంచి ఇద్దరూ కలిసి పరిగెత్తడం మొదలుపెట్టారు. బ్రెడ్లు పొయ్యిలోంచి తీశాక బేకరీ ఆయన ఈల వేస్తాడు, మాస్టారు మెట్లు దిగుతాడు. పరిగెత్తుతూ కబుర్లు చెప్పడం మాస్టారికి ఇంకా అలవాటు కాలేదు కానీ, వినడం వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన పరుగు సమయం నిమిషం మెరుగైంది. పక్కన పరిగెత్తేవాడిది కూడా అంతే మెరుగైంది.

ఈసారి పరుగు శనివారం పెట్టారు. మాస్టారికి మళ్లీ సెకండే, నాలుగు సెకండ్ల తేడా. గీత దాటాక ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు వాలి రొప్పుతూ ఉంటే, భార్య తువ్వాలు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఏమండీ, బాధగా ఉందా?"

ఆయన ముఖం తుడుచుకున్నాడు. మామూలుగా అయితే మహిమ గురించి ఏదో ఒకటి అనేవాడే.

"ఉంది. చాలా ఉంది" అన్నాడు.