నా కాలికి సరిపోయిన మిషన్

చిన్నమ్మ పోయిందని పోయిన నెలలో హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చుని అట్లాగే వెళ్లిపోయిందట. ఆ గ్లాసు మాట వినగానే, నిజంగా మా చిన్నమ్మే పోయిందని నమ్మాను. చేతిలో పని ముగించకుండా ఎక్కడికీ కదిలే మనిషి కాదు.

పెనుకొండ నుంచి నేను వెళ్లేసరికి వాళ్లింటి ముందు చాలామంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమెతో పాటు గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు, సెలవు పెట్టి వచ్చారు. మొదట అందరూ ఏడ్చారు. తర్వాత ఒకామె, మిషన్లు బాగానే ఉన్నాయని వాదించిన మేనేజరును చిన్నమ్మ మిషన్ ముందు కూర్చోబెట్టి కాలరు కుట్టించిన సంగతి ఎత్తుకుంది. ఆయన కుట్టిన కాలరు ఎట్లా వచ్చిందో చెప్పేసరికి ఒక్కొక్కరే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చావింట్లో నవ్వేమిటని ఎవరూ అనలేదు.

ఆమె మా అమ్మకు చెల్లెలు. ఫ్యాక్టరీలో మొదట చేసింది దారాలు కత్తిరించే పని. కుట్టిన చొక్కాలకు వేలాడే దారం కొసలు చిన్న కత్తెరతో తీసేయాలి. మూడేళ్లు అదే చేసింది. ఆ తర్వాత, కుట్టు ముగియగానే దారాన్ని తామే కత్తిరించుకునే మిషన్లు వచ్చాయి. మెకానిక్ ఆ మిషన్లు విప్పినప్పుడల్లా చిన్నమ్మ పోయి పక్కన నిలబడేది. నీకేం పని ఇక్కడ అని అతను అడిగితే ఆమె చెప్పిన జవాబు ఆ ఫ్యాక్టరీలో చాలా కాలం అందరి నోళ్లలోనూ ఉండేది.

“నా పని తీసుకుండాది గదప్పా. దాని లోపల యేముందో నేను చూడొద్దా?”

ఒకరోజు మెకానిక్ రాలేదు, ఒక లైను మొత్తం ఆగిపోయింది. చిన్నమ్మ తాను చూస్తానని చెప్పి, మిషన్ కింద దూరి, కత్తికి అడ్డంపడిన దారపు ఉండను తీసింది. కొన్నాళ్లకు ఆమెకు నీలం కోటు, స్క్రూడ్రైవరు ఇచ్చారు. ఆ మెకానిక్కుల గదిలో పనికి కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. రిటైరయ్యేదాకా అక్కడే ఉంది.

నేనూ అదే ఫ్యాక్టరీలో కుట్టేదాన్ని. బండి మీద నుంచి పడి కుడికాలు చీలమండ విరిగింది. ఎముక అతుక్కుంది కానీ మడమతో నొక్కే బలం మాత్రం తిరిగి రాలేదు. ఆ మిషన్లకు వేళ్లతో ముందుకు నొక్కితే కుట్టు పడుతుంది, మడమతో వెనక్కి కొంచెం నొక్కితే బట్టను అదిమే పాదం లేస్తుంది, ఇంకా నొక్కితే దారం తెగుతుంది. నా మడమకు ఆ తేడా పట్టుబడేది కాదు. పని మానేసి పెనుకొండలో ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను.

మూసేసిన ఒక గార్మెంట్ యూనిట్‌లో అట్లాంటి పాత మిషన్లే అమ్ముతున్నారని తెలిసి మా ఆయన ఒకటి తెచ్చాడు. స్విచ్ వేయగానే దానిలోంచి ఒక ఆడగొంతు ఏదో అర్థంకాని భాషలో పలకరించింది. పక్క గదిలో ఉన్న మా అత్త, ఎవరో వచ్చారనుకుని, రాండి, కూచోండి అంది. ఆ రోజంతా ఇంట్లో నవ్వులే.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇంటి నుంచి పెళ్లి జాకెట్ వచ్చింది. పెళ్లికూతురి నాయన తన మగ్గం మీద తానే పట్టుచీర నేశాడు. చీరతో పాటే నేసిన జాకెట్ గుడ్డ. పాడైతే ఇంకోటి లేదు. చంక దగ్గర గుండ్రంగా కుడుతుండగా నా మడమ జారింది. మిషన్ పాదం లేచింది, దారం తెగింది. మళ్లీ మొదలుపెడితే మిషన్ తనంతట తనే ముందుకూ వెనక్కూ నాలుగు కుట్లు వేసి మళ్లీ తెగ్గొట్టింది. విప్పి చూస్తే పట్టు మీద వరసగా సూది రంధ్రాలు. పెళ్లి ఇంకో తొమ్మిది రోజులే ఉంది. వాళ్లకు చెప్పే ధైర్యం లేక, చిన్నమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆ కరెంటు సామానంతా పీకేసి పాత రకం మోటారు పెట్టించుకోమని ఇక్కడి రిపేరు అతను చెప్పాడని కూడా చెప్పాను. ఏదీ పీకించొద్దని, తాను వచ్చేదాకా మిషన్ ముట్టుకోవద్దని చెప్పి, మరుసటి రోజు పొద్దున్నే బస్సు దిగింది.

మిషన్ వైపు చూడనైనా చూడలేదు.

“దాని సంగతి తర్వాత. ముందు నీ కాలు చూడనీ పాపా.”

స్విచ్ వేయకుండానే నన్ను కూర్చోబెట్టి, తాను నేల మీద కూర్చుని, నా పాదం పెడలు మీద పెట్టించి చాలాసేపు చూసింది. ఏ వైపు వంగుతుంది, ఎక్కడ నొప్పి పుడుతుంది, అన్నీ అడిగింది. ఏ డాక్టరూ అంతసేపు చూడలేదు. లేచి కోటు తొడుక్కుంది. రిటైరైనా ఆ నీలం కోటు వదల్లేదు.

“అన్నీ పీకేస్తే అది వట్టి ఇనుము. నీకు అడ్డం వచ్చేటివి రెండో మూడో ఉంటాయి. అవి ఆపితే చాలు.”

మిషన్‌ను నడిపించే బటన్ల డబ్బాలో ఒక్కొక్క సెట్టింగే మార్చింది. కుట్టు మొదట్లో మిషన్ తనంతట తనే వెనక్కి కుట్టేది ఆపేసింది. వేగం తగ్గించింది. మడమతో నొక్కితే ఏమీ జరగకుండా చేసింది. మిషన్ పాదం ఎత్తడానికి హిందూపురం నుంచి సంచిలో తెచ్చిన పాత మోకాలి మీటను బల్ల కింద బిగించి, మోకాలికి తగిలే చోట మెత్తటి గుడ్డ చుట్టింది. పాతకాలం మిషన్లకు ఉండేది, ఇప్పుడు అంతగా వాడనిది.

దారం కత్తిరించేది కూడా తీసేయమన్నాను. ఒప్పుకోలేదు. మూడేళ్లు వేలు కాయలు కాసేదాకా దారాలు తెంచినదాన్ని నేను, అది చేసే పని విలువ నాకు తెలుసు అని, సూది పక్కనున్న చిన్న బటన్‌కు దాన్ని కలిపింది. కాలితో కాకుండా వేలితో నొక్కితే తెగేలా. తెగిన ప్రతిసారీ సూదిలోంచి దారం జారిపోతుంటే, దారం బిగువు దగ్గర ఎవరో అరిగిన స్ప్రింగు పెట్టారని కనిపెట్టి మార్చింది.

అంతా అయ్యాక వేగం ఇంకొంచెం తగ్గించబోయి ఏదో బటన్ రెండుసార్లు నొక్కింది. చేసిన మార్పులన్నీ చెరిగిపోయాయి. చిన్నమ్మ, పోగొట్టింది నేనే, మళ్లా చేసేదీ నేనే అని నవ్వి, మొదటి నుంచి మొదలుపెట్టింది. చివరికి ఆ గొంతును కూడా ఆపబోతే మా అత్త తలుపు దగ్గర నుంచి అడ్డుపడింది.

“దాన్ని మాత్రం ఉండనీ తల్లీ. పొద్దున్నే ఎవరో ఒకరు పలకరిస్తాండారు గదా.”

ఉండనిచ్చింది.

తర్వాత నేను కుట్టాను. పాత చీర ముక్క మీద గుండ్రంగా, ఆగకుండా. మోకాలితో మిషన్ పాదం ఎత్తాను, బట్ట తిప్పాను, వేలితో దారం తెంచాను. కాలు విరిగిన రెండేళ్ల తర్వాత నా చేతులు మళ్లీ నావి అనిపించాయి. చిన్నమ్మ వంటింట్లోకి పోయి తనే ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది.

రంధ్రాలు పడిన పట్టును పావు అంగుళం లోపలికి మడిచి కుట్టమంది. అవి కనబడకుండా పోయాయి. కానీ జాకెట్ చంక దగ్గర కాస్త బిగువైంది. జరిగింది దాచొద్దని చిన్నమ్మ అంటే, పెళ్లికూతురి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమె తొడిగి చూస్తాం, తీసుకురమ్మంది. సరిపోయింది. మీరిద్దరూ పెళ్లికి రావాలని కూడా పిలిచారు.

చిన్నమ్మ మా బతుకుల్లోకి తెచ్చిన మంచి రోజులు చాలా ఉన్నాయి. ఎవరి మిషన్ బాగు చేసినా, ముందు ఆ మనిషి కూర్చునే తీరు చూసేది. అదొక్కటి నేర్చుకున్నా చాలనుకుంటాను. అయినా ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ధర్మవరం పెళ్లే.

తలంబ్రాలు మొదలయ్యాయి. పెళ్లికొడుకు మంచి పొడగరి. పెళ్లికూతురు దోసిలి నిండా బియ్యం తీసుకుని, మునివేళ్ల మీద లేచి, చేతులు బాగా పైకెత్తింది. అందరూ వాళ్లిద్దరి ముఖాలు చూసి కేరింతలు కొడుతున్నారు. చిన్నమ్మ ఆ అమ్మాయి చంక దగ్గర కుట్టు చూస్తూ ఊపిరి బిగపట్టింది. ఒకసారి, రెండోసారి. మూడోసారి ఆ అమ్మాయి పోటీకి దిగి రెండు చేతులా దబదబా పోసింది. కుట్టు కదల్లేదు. చిన్నమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. తాళి కట్టినప్పుడు చల్లాల్సిన అక్షింతలు ఇంకా ఆమె రెండో గుప్పిట్లోనే ఉన్నాయి. వాటిని చల్లడం మరిచిపోయి, ఆ గుప్పిలి గుండెకు ఆనించుకుని, పందిట్లో అందరికంటే గట్టిగా నవ్వుతూ నిలబడి ఉంది.