సండే స్కూల్లో దాటేసిన అధ్యాయం

జూలై 12, శనివారం. పొద్దున చాయ్ కూడా తాగకముందే అమ్మ తన బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "రేపు పిల్లలకు పాఠం నువ్వు చెప్పు. యెఫ్తా బిడ్డ కథ. నాతోని కాదు" అంది.

నమ్మలేకపోయాను... ఇన్నేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్న అమ్మ ఒక్కసారి కూడా ఆ అధ్యాయం తెరవలేదు.

మా చిన్నప్పుడు... చిక్కడపల్లి గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆదివారం వస్తే అక్కా నేనూ తలకు నూనె రాయించుకుని నారాయణగూడలోని చర్చికి నడిచేవాళ్లం. అక్కడ అక్కను నీలిమ అని పిలిచినవాళ్లు తక్కువ. "అగో, మా సమూయేలొచ్చింది!" అనేవారు.

సమూయేలంటే, తల్లి మొక్కుకుని దేవుని మందిరానికి ఇచ్చేసిన పిల్లవాడు. అక్క పసిగుడ్డుగా ఉన్నప్పుడు కామెర్లు ముదిరి, డాక్టర్లు ఆశ వదిలేశారట. "బతికితే నీ సేవకే ఇస్తా ప్రభువా" అని అమ్మ ఆసుపత్రి వరండాలో మోకరించిందట. అక్క బతికింది. పదో తరగతి కాగానే దూరాన ఉన్న బైబిలు శిక్షణ బడికి పంపాలని ఆ రోజే ఖాయమైపోయింది.

అక్కకేమో కరెంటు పని పిచ్చి. గల్లీలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి ఫ్యాను మూలిగినా స్క్రూడ్రైవరుతో బయల్దేరేది. పాలిటెక్నిక్ పరీక్ష రాసి మంచి ర్యాంకే తెచ్చుకుంది. ఇంట్లో మాత్రం "ఊకెనే రాసిన" అంది...

ఆ వేసవిలోనే మాకు బైబిల్ క్విజ్. న్యాయాధిపతుల గ్రంథం. పదకొండో అధ్యాయం చివరి భాగం వదిలేయమన్నాడు, మాకు పాఠాలు చెప్పే అన్న. వదిలేయమన్నదే ముందు చదివే రకాన్ని నేను. అప్పట్లో అర్థాలతో పని లేదు, మాటల మోత చాలు... ప్రతిష్ఠ, దహనబలి, తంబుర... బెల్లంముక్కల్లా చప్పరించేదాన్ని. ఆ పేజీలో మాత్రం మాటలు చేదుగా తగిలాయి.

యుద్ధానికి పోతూ యెఫ్తా అనే సేనాని మొక్కుకుంటాడు. గెలిచి వస్తే, నా గుమ్మంలోంచి ముందుగా ఎదురొచ్చినదాన్ని నీకు బలిస్తానని. గెలిచాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు... తంబుర వాయిస్తూ, ఆడుతూ. నీ వల్లే కుంగిపోయానంటూ తండ్రి బట్టలు చింపుకున్నాడు. స్నేహితురాళ్లతో కొండల మీద ఏడ్చి వస్తాను, రెండు నెలలు గడువివ్వమంది. తిరిగి వచ్చింది. తండ్రి మొక్కు తీర్చుకున్నాడు. ఆమె పేరు కూడా రాసి లేదు.

అన్నను అడిగితే, "సంపలేదమ్మా, పెండ్లి చెయ్యకుంట దేవుని సేవల పెట్టిండని పెద్దోళ్లు చెప్తరు" అన్నాడు.

"అట్ల రాసి లేదు గదన్నా..."

"క్విజ్‌ల రాదంటే ఇనవేందే నువ్వు!" అని నవ్వేశాడు.

ఆ సాయంత్రం అమ్మ చాటలో బియ్యం ఏరుతూ నాతో అధ్యాయాలు అప్పజెప్పించుకుంటోంది. అక్క స్టూలెక్కి ట్యూబ్‌లైటు స్టార్టరు మారుస్తోంది. నేను ఆ కథ కూడా చెప్పేసి అడిగాను.

"మొక్కింది నాయిన గదమ్మా... మరి నీ వల్లనే కుంగిపోయిన అని బిడ్డనెందుకు అంటుండు? అబ్రాహాము కొడుకును బలియ్యబోతే దేవదూత ఆపిండు. ఈమె నాయిననెందుకు ఎవ్వరు ఆపలే?"

"అది క్విజ్‌ల లేదన్నరు గదా. వేరేది చెప్పు."

స్టూలు మీది నుంచి అక్క గొంతు... "నన్ను గూడ రెండు నెలలు కొండల మీదికి పంపుతవా అమ్మా? ఈడ కొండలేడున్నయ్ తియ్యి... ఇందిరా పార్కుకు పంపినా చాలు."

నవ్వుతూనే అంది. అమ్మ చేతులు చాటలోనే ఆగిపోయాయి.

"నీ పానం కోసమే మొక్కిననే..."

"నాకెరుకేనమ్మా. కని నన్ను ఒక్కసారన్న అడగకపోతివి."

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. "మొక్కు తప్పితే బిడ్డకేమన్న అయితదా అయ్యగారూ?" అంత చిన్న గొంతుతో అమ్మ మాట్లాడటం నేనెన్నడూ వినలేదు...

మా ఇంట్లో యెఫ్తా కథ మీద నడిచిన మాటలు కూడా విని, ఆయన తన బైబిలు తెరిచాడు. "ఆ అధ్యాయం మీద నేను ఎన్నడు ప్రసంగం చెయ్యలేదమ్మా. ఆ బిడ్డను దేవుడు అడిగిండని అండ్ల లేదు. వద్దన్నడనీ లేదు. నాకు అర్థం కాలే. ఒక్కటే అనిపిస్తది... రెండు నెలలు టైముండె. ఒక్క యాజకుడన్న పోయి ఆ నాయినతోని వద్దని చెప్పొచ్చు గదా?" బైబిలు మూసి అన్నాడు, "బిడ్డకేం కాదని మాటియ్యనీకె నేనెవర్ని? కని వద్దని మాత్రం చెప్తున్న. వద్దమ్మా."

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తూ అక్కతో అంది. "మొక్కింది నేను. సేవకు నేనే పోత. నువ్వు నీ కరెంటు పని చూస్కో."

ఏడో తరగతి చదివిన మా అమ్మ అలా సండే స్కూలు టీచరైంది. అక్క పాలిటెక్నిక్‌లో చేరింది.

అంతా సుఖాంతమని రాయాలనే ఉంది... కానీ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అక్కకు షాక్ కొట్టి అరచేయి కాలింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని అమ్మ రోజంతా కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగని ఆ ప్రశ్న మా ఇంట్లో ఇప్పటికీ ఉంది.

నేనిప్పుడు అశోక్ నగర్ రీడింగ్ రూములో పోటీ పరీక్షల పుస్తకాల మధ్య బైబిలు వ్యాఖ్యానాలు కూడా పెట్టుకుని చదువుతుంటాను. ఎవరు ఏ వాక్యానికి ఏ అర్థం చెప్పినా, ఆ అర్థం బరువు ఎవరి మీద పడుతోందో ముందు చూస్తాను. ఇప్పుడు ఏ సందేహమైనా ఫోనులో అడిగితే చాలు, జవాబులే జవాబులు... "నాకు అర్థం కాలే" అనే పెద్దవాళ్లే తగ్గిపోయారు.

"రేపు ఏం చెప్పాలమ్మా?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు చదువు. పిల్లలు అడిగితే అడగనియ్యి. నేను ఎనక కూసుంట."

మీ చిన్నప్పుడు మీ పెద్దవాళ్లు దాటేసిన కథ ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ చెప్పండి... రేపు వచ్చి చదువుకుంటాను.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి చాపలు పరవాలి. పిల్లల గదిలో ఫ్యాను తిరగడం లేదట, అక్క కూడా వస్తానంది... స్టూలు వేసి ఉంచాలి.