ముప్పై ఒకటో వరస

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ నిద్రక్క అంటారు. నిజానికి పనివేళలో ఆమె కునుకు తీయగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మిషను తిరుగుతున్నంతసేపూ కళ్ళు సగం వాల్చి, మెడ కాస్త పక్కకి వంచి, దూరం నుంచి ఎవరో పిలుస్తుంటే వింటున్నదానిలా నిలబడుతుంది. అందుకే ఆ పేరు పడింది.

ఆ మిషను దగ్గర ఎవరికైనా కళ్ళు వాలతాయేమో. అక్కడ నిప్పురవ్వలు ఎగరవు, పొగ రాదు. బొటనవేలంత లావు అల్యూమినియం కడ్డీ గిర్రున తిరుగుతూ కిందనున్న పలక మీదికి దిగుతుంది. మొదట కీచుమంటుంది. రాపిడికి వేడెక్కేకొద్దీ గొంతు మారి, తుమ్మెద రొదలా కుదురుకుంటుంది. అప్పుడు కడ్డీ కొస కరగదు. మెత్తబడుతుంది, అంతే. కలిపిన పిండిలా పలకకి అంటుకుంటూ, రెండు వేళ్ళ వెడల్పు పట్టీలా పరుచుకుంటుంది. దాని మీద ఇంకో వరస, ఆ పైన మరొకటి. పొద్దున ఉత్త పలకగా ఉన్నది సాయంత్రానికి పడవ అడుగున ఇరుసుని పట్టి ఉంచే బ్రాకెట్ అవుతుంది.

ఆ రొదలో ఆమెకు ఏవేవో కనబడేవి. ఎవరో పెద్ద పెద్ద చేతులతో నేలను పొరలు పొరలుగా పరుస్తున్నట్టు, ఒక్కో పొరలో ఒక్కో ఏడాది వాన నిద్రపోతున్నట్టు. ఇంతకుముందు పదకొండేళ్ళు గ్రైండింగ్ సెక్షన్లో చేసింది. అక్కడ కలలకు చోటే లేదు. ముక్కులో దుమ్ము, చెవుల్లో గోల, అరచేతుల నిండా పగుళ్ళు. ఆ పగుళ్ళకి మైనం మందు రాసుకోవడం ఇప్పటికీ మానలేదు.

ఇంట్లో నాన్న మాత్రం ఈ మిషనును అసలు మిషనుగానే లెక్కలో వేసుకోలేదు. ఆయన నలభై ఏళ్ళు ఫౌండ్రీలో ఇసక అచ్చులు చేసిన మనిషి.

"కరగకుండా అతుక్కోవడమేంటే? పెళ్ళిచూపుల్లోనే కాపురం పెట్టినట్టు."

"అతుక్కుంటోంది నాన్నా. నా కళ్ళతో చూస్తున్నా."

"నీ కళ్ళా? సగం మూసుకునే ఉంటాయిగా!"

అయితే ఆయన అలవాటు ఒకటి ఆమెకు వచ్చింది. చిన్నప్పుడు అన్నం క్యారియర్ పట్టుకుని ఫౌండ్రీకి వెళ్ళినప్పుడు చూసేది. పని బాగా కుదిరితే నాన్న ఆ ఇనుము మీద అరచేత్తో మెత్తగా ఒక్కసారి తట్టేవాడు, బిడ్డ వీపు తట్టినట్టు. ఈమె కూడా అంతే. కడ్డీ అయిపోయి కొత్తది బిగించేందుకు మిషను ఆపినప్పుడు, పై వరసను తీగ బ్రష్షుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, గ్లవ్ తీసి ఒక్కసారి తట్టేది. ఇంకా గోరువెచ్చగా ఉండేది.

మిషనును మూడు బ్రాకెట్ల పరీక్ష మీద తెచ్చారు. మూడింటిలో కనీసం ఒక్కటి నెగ్గాలి, లేకపోతే దాన్ని వెనక్కి పంపేస్తారు, నిద్రక్క మళ్ళీ గ్రైండింగ్‌కి వెళ్తుంది. మొదటి రెండూ పోయాయి. మూడోదాన్ని ఆ రోజు లోపలి అతుకు పరీక్షించే స్కానింగ్‌కి పెట్టారు. పైన జెల్ పూసి, పరికరాన్ని మెల్లగా జరుపుతుంటే, మిషను కంపెనీ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు తెర వంక నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ముప్పై ఒకటో వరసలో అతకలేదు. మళ్ళీ కడ్డీ మార్చిన చోటే. మా మిషను ఆ కాస్త ఆగడానికే చల్లారిపోతోందనుకుంటా సార్."

సూపర్‌వైజరు అద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "ఇంకేం, రేపు మిషనుని నేలకి బిగించిన బోల్టులు విప్పించండి."

ఆ సాయంత్రం నిద్రక్క గిన్నెలు కడుగుతోంది. మనసు ఇక్కడ లేదు. కడిగి బోర్లించిన స్టీలు పళ్ళేన్ని మళ్ళీ పంపు కింద పెట్టింది. నీళ్ళు పళ్ళెమంతా పల్చగా పరుచుకున్నాయి, ఒక్కచోట తప్ప. అక్కడ నీరు నిలవకుండా చిన్న చిన్న ముత్యాలై జారిపోతోంది. ఆ ఖాళీకి అయిదు వేళ్ళున్నాయి.

ఆమె తన అరచేయి చూసుకుంది. మైనం నున్నగా మెరిసింది. బ్రాకెట్‌ని తట్టేది ఆ చేత్తోనే.

చెప్పకపోతే నింద మిషను మీదే ఉంటుంది, అది వెళ్ళిపోతుంది. చెబితే అది ఉంటుందేమో, తనను మాత్రం దాని దరిదాపులకు రానివ్వరు. ఎటు చూసినా ఆ రొద తనకి దక్కేలా లేదు. కనీసం అది ఎక్కడో ఒకచోట వినిపిస్తుండాలి.

పొద్దున వెళ్ళేసరికి నాలుగు బోల్టుల్లో రెండు విప్పేశారు.

"సార్, ఆపండి. తప్పు దానిది కాదు, నాది. కడ్డీ మార్చినప్పుడల్లా చెయ్యి వేశాను. చేతికి మైనం ఉంది."

"చెయ్యెందుకు వేశావమ్మా?"

"బాగా చేసిందని... తట్టాను."

సూపర్‌వైజరు అద్దాలు సర్దుకున్నాడు. "మిషనునా తట్టావు?"

"కాదు సార్. బ్రాకెట్‌ని."

ఇంజనీరు మూడో బ్రాకెట్‌ని అక్కడికక్కడే కోయించాడు. ముప్పై ఒకటో వరస కింద వెంట్రుక మందాన నల్లటి గీత ఉంది. ఆమె చెయ్యి పడ్డ మేరకే గీత, ఆ పక్కంతా ఏకఖండం. మొదటి రెండింటినీ కోశారు. అదే కథ.

"మా మిషను బతికింది అక్కా!" అన్నాడతను ఆనందం పట్టలేక.

"అది బతికింది సరే, నిన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు సూపర్‌వైజరు ఆమెతో. కోసిన ముక్కని పక్కన పెట్టాడు. "దీని గొంతు తెలిసినదానివి నువ్వొక్కదానివే. నాలుగోది చెయ్యి. గ్లవ్ తీశావో, గ్రైండింగ్‌కే."

ఇంటికెళ్ళి చెబితే నాన్న నవ్వలేదు. కోపంగా లేచి కూర్చున్నాడు.

"నేనెప్పుడు తట్టానే? అంతా అయిపోయి, చల్లారాక కదా! మధ్యలో తట్టమని ఎవడు చెప్పాడు నీకు? సగం ఉడికిన అన్నాన్ని మెచ్చుకుంటారా ఎవరైనా?"

నాలుగో బ్రాకెట్ ముప్పయ్యో వరస దాటాక కడ్డీ అయిపోయింది. మిషను ఆగింది. ఆమె బ్రష్షుతో రుద్దింది, స్పిరిట్‌తో తుడిచింది. అలవాటుగా చెయ్యి లేచింది, గ్లవ్ ఉంది. జానెడు ఎత్తులో గాలిలోనే ఆగిపోయింది. కిందినుంచి సన్నని వెచ్చదనం గ్లవ్ గుండా పైకి వస్తోంది, నిద్రపోతున్న బిడ్డ ఊపిరిలా. ముట్టుకుంటే లేస్తుందన్నట్టు చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, కొత్త కడ్డీ బిగించింది. కీచుమంది. తర్వాత గొంతు మారింది. ఆమె కళ్ళు సగం వాలాయి.

రెండు రోజుల తర్వాత స్కానింగ్ గదిలో తెర మీద ఒక్క మచ్చ లేదు. అందరూ బయటికి వెళ్ళాక నిద్రక్క తలుపు వంక చూసి, గ్లవ్ తీసి, పూర్తిగా చల్లారిన ఆ బ్రాకెట్‌ని ఒక్కసారి తట్టింది.